రక్షణ వీరుడు ఎమ్లెన్ టనెల్

పాఠ్యభాగ ఉద్దేశం

విజయం సాధించినవారిని లోకం వెంటనే గుర్తిస్తుంది. అపజయం కలుగకుండా కాపాడినవారిని గుర్తించడానికి కొంతకాలం పడుతుంది. పేదరికాన్నీ, వర్ణవివక్షనూ, శారీరక వైకల్య భయాన్నీ ఎదిరించి, క్రీడారంగంలో రక్షణ అనే విద్యకు గౌరవం సంపాదించిన ఒక నల్లజాతి క్రీడాకారుని జీవితాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

ఏ క్రీడలోనైనా దాడి చేసేవారు కొందరు, దాడిని ఎదుర్కొనేవారు కొందరు ఉంటారు. చప్పట్లు చాలావరకు మొదటివారికే దక్కుతాయి. గెలుపు పాయింటు సాధించినవాని పేరు పత్రికలలో పెద్ద అక్షరాలతో వస్తుంది. ఎదుటిజట్టు పాయింటు సాధించకుండా ఆపినవాని పేరు మరునాటికే మరుగున పడుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్రలో చాలాకాలం ఇదే జరిగింది. ఆ స్థితిని మార్చిన మహోన్నత క్రీడాకారుడు ఎమ్లెన్ టనెల్. ఆ క్రీడలో అత్యున్నత గౌరవంగా భావించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం పొందిన మొదటి నల్లజాతీయుడు ఆయనే. కేవలం రక్షణ ఆటగాడిగా ఆ గౌరవం పొందిన మొదటి వ్యక్తి కూడా ఆయనే.

ఎమ్లెన్ టనెల్ 1924 మార్చి 29న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో బ్రిన్ మార్ అనే ఊరిలో జన్మించాడు. ఫిలడెల్ఫియా నగరానికి సమీపంలోని గారెట్ హిల్ అనే చిన్న పల్లెలో పెరిగాడు. తల్లిదండ్రులు విడిపోవడం వల్ల పిల్లల పోషణభారం తల్లి కాథరీన్ మీద పడింది. ఆమె ఇతరుల ఇళ్ళలో పనిచేసి సంసారాన్ని ఈదింది. తల్లి కష్టాన్ని కళ్ళారా చూసిన ఎమ్లెన్‌కు శ్రమ అంటే ఏమిటో చిన్ననాడే తెలిసింది. రాడ్నర్ ఉన్నత పాఠశాలలో చదువుతూ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ క్రీడలలో మంచి పేరు తెచ్చుకున్నాడు.

ఇక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ గురించి కొంత తెలుసుకోవాలి. పేరు ఫుట్‌బాల్ అయినా మనకు తెలిసిన ఫుట్‌బాల్‌కూ దీనికీ పోలిక తక్కువ. దీనిలో బంతి కోడిగుడ్డు ఆకారంలో, రెండు కొనలూ మొనదేరి ఉంటుంది. ఆటగాళ్ళు దానిని చేతులతో పట్టుకొని పరుగెత్తుతారు, ఒకరికొకరు విసురుకుంటారు. ఆటస్థలం పొడవు 100 గజాలు. ఒక్కొక్క జట్టులో పదకొండుగురు ఉంటారు. బంతి తమ అధీనంలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలైనా ముందుకు సాగాలి. అలా సాగుతూ చివరి గీత దాటి బంతిని చేర్చితే టచ్‌డౌన్ లభిస్తుంది. కబడ్డీలో కూతకు వచ్చినవానిని పట్టుపట్టి పడవేసినట్లుగా, బంతితో వచ్చేవానిని పట్టి నేల కూల్చడం రక్షణ ఆటగాళ్ళ పని. ఎదుటివారు విసిరిన బంతిని మధ్యలోనే అందుకొని తమ వశం చేసుకోవడాన్ని ఇంటర్‌సెప్షన్ అంటారు. దాడి చేసేవానికి బంతి ఎక్కడికి వస్తుందో ముందే తెలుసు. రక్షణ ఆటగానికి అది తెలియదు. అతడు కనురెప్పపాటులో ఊహించాలి, ఊహించిన చోటికి ముందుగా చేరాలి. అందుకే ఇంటర్‌సెప్షన్ రక్షణవిద్యకు పరాకాష్ఠ.

1942లో ఎమ్లెన్ ఒహాయో రాష్ట్రంలోని టొలీడో విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ సంవత్సరమే ఒక ఫుట్‌బాల్ పోటీలో ఆయన మెడ ఎముక విరిగింది. ఆ గాయం ప్రాణాపాయం కలిగించగలిగినంత తీవ్రమైనది. అటువంటి దెబ్బ తిన్న యువకుడు మళ్ళీ మైదానంలో అడుగుపెట్టగలడని అనుకోవడం కష్టం. కాని కొద్ది నెలలలోనే ఆయన కోలుకొని అదే విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ జట్టులో చేరాడు. 1943లో న్యూయార్క్ నగరంలో జరిగిన జాతీయ ఆహ్వాన పోటీలలో ఆ జట్టు చివరి పోటీ వరకు చేరడానికి తోడ్పడ్డాడు.

అది రెండవ ప్రపంచ యుద్ధకాలం. దేశసేవ చేయాలనే కోరికతో ఎమ్లెన్ సైన్యంలోనూ, నౌకాదళంలోనూ చేరబోయాడు. మెడకు తగిలిన గాయం కారణంగా ఆ రెండూ ఆయనను తిరస్కరించాయి. చివరకు 1943లో అమెరికా తీరరక్షక దళం ఆయనను చేర్చుకుంది. అయితే అక్కడ కూడా వర్ణవివక్ష ఎదురైంది. ఆ రోజులలో ఆ దళంలో నల్లజాతీయులకు ఎక్కువగా లభించేవి పరిచారక ఉద్యోగాలే. అధికారుల భోజనశాలలో వడ్డించడం, వారి గదులు సర్దడం వంటి పనులు వారికి అప్పగించేవారు. ఎమ్లెన్‌కు దక్కింది కూడా అటువంటి ఉద్యోగమే. ఆ చిన్న ఉద్యోగంలోనే ఆయన తన పెద్దమనసును రుజువు చేసుకున్నాడు.

1944 ఏప్రిల్‌లో ఆయన పనిచేస్తున్న ఎటామిన్ అనే నౌక న్యూగినీ తీరంలో ఉంది. దాని నిండా పేలుడు పదార్థాలు, పెట్రోలు ఉన్నాయి. సరుకు దించుతున్న సమయంలో జపాను విమానం వదిలిన టార్పెడో ఆ నౌకను తాకింది. పేలుడుకు నౌకలో మంటలు చెలరేగాయి. యంత్రాల విభాగంలో పనిచేసే సహచరుని శరీరానికి నిప్పంటుకుంది. చుట్టూ పెట్రోలు ఉందనీ, ఏ క్షణంలోనైనా నౌక పేలిపోవచ్చుననీ ఎమ్లెన్‌కు తెలుసు. అయినా ఆయన వెనుదిరగలేదు. వట్టి చేతులతో ఆ మంటలను ఆర్పి, ఆ వ్యక్తిని సురక్షితమైన చోటికి మోసుకొనిపోయాడు. ఆ ప్రయత్నంలో ఆయన చేతులు కాలాయి.

రెండేళ్ళ తరువాత, 1946 మార్చిలో, ఆయన టాంపా అనే నౌకలో న్యూఫౌండ్‌లాండ్ సమీపంలో విధులు నిర్వహిస్తున్నాడు. ఒక సహచరుడు కాలుజారి సముద్రంలో పడిపోయాడు. నీరు గడ్డకట్టేంత చల్లగా ఉంది. అటువంటి నీటిలో పడ్డ మనిషి కొన్ని నిమిషాలకు మించి కాళ్ళూచేతులూ ఆడించలేడు. ఎమ్లెన్ తటపటాయించకుండా సముద్రంలోకి దూకి ఆ మనిషిని ప్రాణాలతో రక్షించాడు. ఆ చలికి ఆయన కూడా తీవ్రంగా అస్వస్థుడయ్యాడు. ఈ రెండు సాహసాలకూ వెంటనే దక్కవలసిన గుర్తింపు దక్కలేదు. ఆయన కూడా దానిని ఆశించి కూర్చోలేదు.

1946లో తీరరక్షక దళం నుండి విడుదలై ఎమ్లెన్ అయోవా విశ్వవిద్యాలయంలో చేరాడు. మెడ విరిగిన నాలుగేళ్ళకు తిరిగి ఫుట్‌బాల్ మైదానంలో నిలిచాడు. అక్కడ రెండేళ్ళు ఆడిన తరువాత కంటికి శస్త్రచికిత్స జరిగింది. చదువుకు డబ్బు చాలలేదు. 1948లో చదువు మధ్యలో ఆగిపోయింది. వృత్తిక్రీడా జట్లు తమకు కావలసిన విద్యార్థి క్రీడాకారులను ఏటా ఎంపిక చేసుకుంటాయి. ఆ జాబితాలో ఎమ్లెన్ పేరు లేదు.

ఆనాటి పరిస్థితి కూడా ఆయనకు అనుకూలంగా లేదు. 1934 నుండి 1945 వరకు జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో ఒక్క నల్లజాతీయుడు కూడా ఆడలేదు. నల్లవారిని చేర్చుకోరాదనే నియమం ఏ పుస్తకంలోనూ రాసి లేదు. కాని అన్ని జట్లూ దానిని పాటించాయి. రాసిన నియమాన్ని మార్చడం కన్న రాయని నియమాన్ని మార్చడమే కష్టం. 1946లో లాస్ ఏంజిలిస్ రామ్స్ జట్టు ఇద్దరు నల్లజాతి ఆటగాళ్ళను తీసుకోవడంతో ఆ గోడకు మొదటి పగులు ఏర్పడింది. 1947లో జాకీ రాబిన్‌సన్ బేస్‌బాల్ ప్రధాన లీగ్‌లో ప్రవేశించాడు. న్యూయార్క్ జయింట్స్ ఫుట్‌బాల్ జట్టులో మాత్రం అప్పటికి ఒక్క నల్లజాతి క్రీడాకారుడు కూడా లేడు.

1948 వేసవిలో ఎమ్లెన్ ఆ జయింట్స్ కార్యాలయానికే బయలుదేరాడు. రైలు టికెట్టుకు డబ్బు లేదు. దారిలో అరటిపండ్ల లారీని ఆపి, ఎక్కించుకోమని అడిగి న్యూయార్క్ చేరాడు. ఎవరి సిఫారసూ లేదు, ఎవరూ రమ్మనలేదు. నేరుగా కార్యాలయంలోకి వెళ్ళి, తనకు జట్టులో ఒక అవకాశం ఇవ్వమని కోరాడు. జట్టు యజమాని టిమ్ మారా ఆ యువకుని ధైర్యాన్ని మెచ్చుకున్నాడు. ధైర్యంగా వచ్చి అడిగినవానికి అవకాశం ఇవ్వడం న్యాయమని భావించి ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఆ విధంగా ఎమ్లెన్ టనెల్ న్యూయార్క్ జయింట్స్ జట్టులో ఆడిన మొదటి నల్లజాతి క్రీడాకారుడయ్యాడు.

విశ్వవిద్యాలయంలో ఆయన ఎక్కువగా దాడి విభాగంలో ఆడాడు. జయింట్స్ జట్టు ఆయనను రక్షణ విభాగంలో నిలిపింది. ఆయనది సేఫ్టీ స్థానం. రక్షణ వరుసలో అందరికన్న వెనుక నిలబడేవాడు సేఫ్టీ. అతనిని దాటితే ఎదుటిజట్టుకు ఇక అడ్డు లేదు. కనుక అతడు చేసే చిన్న పొరపాటు కూడా జట్టుకు పెద్ద నష్టం కలిగిస్తుంది. ఆ స్థానానికి కావలసిన చూపు, వేగం, పట్టు, నిబ్బరం ఎమ్లెన్‌లో పుష్కలంగా ఉన్నాయి. 1949లో పన్నెండు పోటీల సీజన్‌లో ఆయన పది ఇంటర్‌సెప్షన్లు సాధించాడు.

1950లో జయింట్స్ శిక్షకుడు స్టీవ్ ఓవెన్ ఒక కొత్త వ్యూహాన్ని రూపొందించాడు. దానికి గొడుగు వ్యూహం అని పేరు వచ్చింది. ముందు వరుసలో ఆరుగురు నిలిచినా, అవసరమైనప్పుడు ఆ వరుస చివరివారు ఇద్దరు వెనుకకు తగ్గేవారు. వెనుక ఉన్న నలుగురు రక్షకులు తెరచిన గొడుగు అంచులా వంపుగా నిలిచి, గాలిలో వచ్చే బంతులను అడ్డుకునేవారు. ఆ నలుగురిలో ఎమ్లెన్ ఒకడు. తరువాతి కాలంలో మహాశిక్షకుడిగా ప్రసిద్ధి పొందిన టామ్ లాండ్రీ మరొకడు. ఆ సంవత్సరమే లీగ్‌లో ప్రవేశించిన క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు అంతకుముందు వేరొక లీగ్‌లో వరుసగా నాలుగేళ్ళు విజేతగా నిలిచింది. దాని దాడిని ఆపగలవారు లేరని అందరూ భావించేవారు. అటువంటి జట్టును 1950 అక్టోబరు 1న జయింట్స్ 6–0 తేడాతో ఓడించింది. ఒక్క పాయింటు కూడా లేకుండా పోటీ ముగించడం బ్రౌన్స్‌కు అదే మొదటిసారి. సీజన్ చివరి నిర్ణాయక పోటీలో బ్రౌన్స్ 8–3తో గెలిచినప్పటికీ, చక్కని ప్రణాళిక ఉంటే ఎంతటి దాడినైనా నిలువరించవచ్చునని గొడుగు వ్యూహం లోకానికి చూపింది.

ఎమ్లెన్ ప్రత్యేకత ఆపడంతో ముగియలేదు. అందుకున్న బంతితో ఎదురు పరుగు తీయడంలో ఆయన సాటిలేనివాడు. ఎదుటిజట్టు తన్నిన బంతిని అందుకొని తిరిగి ముందుకు తెచ్చే బాధ్యత కూడా ఆయనకే అప్పగించారు. 1952 సీజన్‌లో ఇంటర్‌సెప్షన్ల ద్వారా 149 గజాలు, పంట్ బంతులను తిరిగి తేవడం ద్వారా 411 గజాలు, కిక్ బంతులను తిరిగి తేవడం ద్వారా 364 గజాలు, మొత్తం 924 గజాలు సాధించాడు. ఆ ఏడాది దాడి విభాగంలో బంతితో పరుగెత్తడంలో లీగ్‌లో ప్రథమస్థానం పొందిన డాన్ టౌలర్ సాధించినది 894 గజాలు. దాడి చేయడమే పనిగా ఉన్న ఉత్తమ క్రీడాకారుని కన్న, రక్షణ ఆటగాడు ఎక్కువ దూరం బంతిని తీసుకొనిపోయాడు. జయింట్స్‌కు దాడి ఆయన చేతిలోనే ఉందని అభిమానులు చెప్పుకోవడంలో ఆశ్చర్యం లేదు.

1956లో జయింట్స్ విజేతగా నిలిచింది. ఆ ఏడాది డిసెంబరు 30న మంచుతో గడ్డకట్టిన యాంకీ స్టేడియంలో జరిగిన చివరి పోటీలో షికాగో బేర్స్‌ను 47–7 తేడాతో ఓడించింది. జారుడు నేల మీద పట్టు చిక్కడానికి జయింట్స్ ఆటగాళ్ళు రబ్బరు అడుగుల బూట్లు తొడుక్కొని ఆడారు. పదకొండు సీజన్లలో జయింట్స్ తరఫున ఎమ్లెన్ సాధించిన 74 ఇంటర్‌సెప్షన్ల రికార్డును ఆ జట్టులో నేటికీ ఎవరూ అధిగమించలేదు.

జయింట్స్‌లో దాడి విభాగానికి శిక్షణ ఇచ్చిన విన్స్ లొంబార్డీ 1959లో గ్రీన్ బే ప్యాకర్స్ జట్టుకు ప్రధాన శిక్షకుడయ్యాడు. అంతకు ముందటి సంవత్సరం ఆ జట్టు గెలిచింది ఒకే ఒక్క పోటీ. దానిని నిలబెట్టడానికి లొంబార్డీ తన వెంట ఎమ్లెన్‌ను తీసుకొనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 35 ఏళ్ళు. పరుగులో మునుపటి వేగం తగ్గినా, ఆటను చదివే నేర్పు పెరిగింది. విల్లీ వుడ్, హెర్బ్ ఆడర్లీ వంటి యువ రక్షకులు ఆయన అండన మెలకువలు నేర్చుకున్నారు. నల్లజాతి కుటుంబాలు దాదాపు లేని ఆ చిన్న పట్టణంలో కొత్తగా వచ్చిన నల్లజాతి ఆటగాళ్ళకు ఆయన పెద్దన్నలా నిలిచాడు. ఆ యువకులలో పలువురు తరువాత హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. 1961లో ప్యాకర్స్ విజేతగా నిలిచింది. చివరి పోటీలో ఆ జట్టు 37–0తో ఓడించినది ఎమ్లెన్ పూర్వపు జట్టయిన జయింట్స్‌నే కావడం విశేషం.

ఆ సీజన్‌తో ఎమ్లెన్ ఆట నుండి విరమించాడు. పద్నాలుగు సీజన్లలో 167 పోటీలు ఆడి 79 ఇంటర్‌సెప్షన్లు సాధించాడు. వాటి ద్వారా 1,282 గజాలు, పంట్ బంతులను తిరిగి తేవడం ద్వారా 2,209 గజాలు గడించాడు. విరమించేనాటికి ఇవన్నీ లీగ్ రికార్డులే. తొమ్మిదిసార్లు ప్రో బౌల్ పోటీలకు ఎంపికయ్యాడు. ఇంటర్‌సెప్షన్లలో ఆయన రికార్డును 1979లో పాల్ క్రౌజ్ దాటేవరకు అది చెక్కుచెదరలేదు.

విరమణానంతరం ఆయన కొత్త ఆటగాళ్ళను వెదికి గుర్తించే పని చేపట్టాడు. 1965లో జయింట్స్ జట్టుకు సహాయ శిక్షకుడయ్యాడు. నల్లజాతీయులు జట్టులో ఆడవచ్చును గాని ఇతరులకు శిక్షణ ఇవ్వడానికి తగరనే భావన బలంగా ఉన్న రోజులవి. ఆ అపోహను తన పనితో తొలగించిన తొలితరం నల్లజాతి శిక్షకులలో ఆయన ఒకడు. 1966లో ఆయన ఆత్మకథ వెలువడింది. 1967లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో ఉన్న హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను తన గౌరవసభ్యులలో చేర్చుకుంది. ఆహ్వానం లేకుండా అరటిపండ్ల లారీలో వచ్చి అవకాశం అడిగిన యువకుడు పంతొమ్మిదేళ్ళకు సగౌరవంగా ఆహ్వానితుడై ఆ మందిరంలో అడుగుపెట్టాడు. ఆ గౌరవం ఆయన ఒక్కనిదే కాదు. చప్పట్లకు నోచుకోని రక్షణ ఆటగాళ్ళందరిదీ, తలుపులు మూసిన లీగ్ వెలుపల ఆయుష్షు గడిచిపోయిన నల్లజాతి క్రీడాకారులందరిదీ.

1975 జూలై 23న న్యూయార్క్ రాష్ట్రంలోని ప్లెజంట్‌విల్‌లో జయింట్స్ శిక్షణ శిబిరంలో ఉండగా ఎమ్లెన్ గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 51 ఏళ్ళు. తాను మొదట తలుపు తట్టిన జట్టు సన్నిధిలోనే ఆయన కన్నుమూశాడు.

మైదానంలో ఆయన చేసిన పనులకు గుర్తింపు జీవితకాలంలోనే లభించింది. సముద్రంలో ఆయన చేసిన పనులకు మాత్రం చాలాకాలం లభించలేదు. మరణించిన 36 ఏళ్ళకు, 2011లో, తీరరక్షక దళం ఆయనకు ప్రాణరక్షణ వెండిపతకాన్ని ప్రకటించింది. 2019లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ శతవార్షిక సందర్భంగా ఎంపిక చేసిన నూరేళ్ళ మేటిజట్టులో ఆయనకు స్థానం దక్కింది. 2021 అక్టోబరులో ఫిలడెల్ఫియాలో తీరరక్షక దళం ఒక గస్తీనౌకను సేవలో ప్రవేశపెట్టి దానికి ఎమ్లెన్ టనెల్ పేరు పెట్టింది. ఒకనాడు నౌకలో అధికారులకు వడ్డన చేయడానికి మాత్రమే తగినవాడని భావించిన మనిషి పేరు నేడు నౌక మీదనే నిలిచింది.

ఎమ్లెన్ టనెల్ జీవితంలో రక్షణ అనేది వృత్తి మాత్రమే కాదు, స్వభావం కూడా. మండుతున్న నౌకలో సహచరుని కాపాడిన చేతులే మైదానంలో జట్టును కాపాడాయి. మెడ విరిగినప్పుడు, సైన్యం తిరస్కరించినప్పుడు, చదువు ఆగినప్పుడు, ఏ జట్టూ పిలవనప్పుడు ఆయన విధిని నిందిస్తూ కూర్చోలేదు. తెరచి ఉన్న మరొక తలుపు కోసం వెదికాడు. తెరవని తలుపును తానే తట్టాడు. తాను లోపలికి వెళ్ళిన తరువాత, వెనుక వచ్చేవారి కోసం ఆ తలుపును తెరచి ఉంచాడు. గుర్తింపు ఆలస్యంగా రావచ్చు. కాని దాని కోసం ఎదురుచూడక కర్తవ్యాన్ని నిర్వహించేవారే చరిత్రలో నిలుస్తారు. ఎమ్లెన్ టనెల్ జీవితం విద్యార్థిలోకానికి అందించే సందేశం ఇదే.

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఎమ్లెన్ టనెల్ జీవితంలో ఎదురైన అడ్డంకులను, వాటిని ఆయన అధిగమించిన తీరును వివరించండి.
2. రక్షణ ఆటగాడిగా ఎమ్లెన్ టనెల్ సాధించిన విజయాలను పేర్కొనండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తీరరక్షక దళంలో ఎమ్లెన్ ప్రదర్శించిన సాహసాలను తెలపండి.
2. గొడుగు వ్యూహం అంటే ఏమిటి? దాని ప్రయోజనం ఏమిటి?
3. రాసిన నియమాన్ని మార్చడం కన్న రాయని నియమాన్ని మార్చడమే కష్టమని రచయిత ఎందుకు భావించాడు?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఎమ్లెన్ న్యూయార్క్ నగరానికి ఏ వాహనంలో చేరాడు?
2. ఇంటర్‌సెప్షన్ అంటే ఏమిటి?
3. 1952లో ఎమ్లెన్ మొత్తం ఎన్ని గజాలు సాధించాడు?
4. ఎమ్లెన్‌కు ప్రాణరక్షణ వెండిపతకం ఏ సంవత్సరంలో లభించింది?

IV. కింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
అత్యున్నత, మహోన్నత, ప్రాణాపాయం, విరమణానంతరం